మళ్లీ వెళ్లే రేవు

మా ఇంట్లో మేడ మెట్ల పక్క గోడకి పెద్ద ప్రపంచపటం ఒకటి ఉంది. డాలస్‌లో ఇల్లు కొన్న ఏడాది మా ఆవిడ తెచ్చి తగిలించింది. చూసొచ్చిన చోట ఎర్ర గుండుసూది, చూడాలని కలగంటున్న చోట పసుపు గుండుసూది. నయాగరా, యెల్లోస్టోన్, గ్రాండ్ కేన్యన్, స్విట్జర్లాండ్ ఎర్రబడ్డాయి. ఐస్‌లాండ్, జపాన్, పెరూలోని మచుపిచ్చు ఇంకా పసుపులోనే ఉన్నాయి. మా అమ్మాయి పదేళ్ల వయసులో ఓ రోజు ఆ పటం ముందు నిలబడి అడిగింది: "నాన్నా, కొవ్వూరు నాలుగుసార్లు వెళ్లాం కదా, ఒక్క పిన్నే ఉందేం?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. పదిసార్లు వెళ్లినా పటంలో ఒక ఊరికి ఒకటే సూది. కలల యాత్రాస్థలాల గురించి ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది. పసుపు సూదుల గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను రెండోసారి, మూడోసారి వెళ్లే చోట్ల గురించి రాస్తాను.

మన పెద్దలకీ ఓ కలల యాత్ర ఉండేది. దాని పేరు కాశీ. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి, మళ్లీ ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. పదిహేను నెలల ప్రయాణం. దారిపొడుగునా చూసినవన్నీ రాసుకుంటే 'కాశీయాత్ర చరిత్ర' అయింది. అంత దూరం, అంత ప్రయాస గనకే కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవారు. కాశీ జన్మకి ఒక్కసారి. వెళ్లినవాళ్లు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలి వచ్చేవారు.

అదే మనుషులు మరో రకం యాత్ర కూడా ఏర్పరచుకున్నారు. అది మళ్లీ రమ్మని పిలిచే యాత్ర. బృహస్పతి రాశిచక్రం ఒకసారి చుట్టి రావడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది. ఆయన సింహరాశిలో అడుగుపెడితే గోదావరికి పుష్కరాలు, కన్యలోకి వెళ్తే కృష్ణకి, మకరంలోకి వెళ్తే తుంగభద్రకి, మీనంలోకి వెళ్తే ప్రాణహితకి. పన్నెండు రాశులకీ పన్నెండు నదులు. ఈ లెక్క మన మాటలోకి కూడా ఇంకిపోయింది. పన్నెండేళ్లు గడిస్తే పుష్కరకాలం గడిచిందంటాం. ఒకే నీటి దగ్గరికి తిరిగి రావడమే మనకు కాలాన్ని కొలిచే కొలత అయింది.

గోదావరి ఒక్కటే కాదు. మేడారంలో సమ్మక్క సారలమ్మ రెండేళ్లకోసారి గద్దెలెక్కుతారు. పోయినసారి మొక్కుకున్నవాళ్లు ఈసారి నిలువెత్తు బంగారం తూచి ఇస్తారు. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారు. నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగ జరుగుతుంది. ఈ ఏడు చెరువులో నిలబడి మనసులో కోరిక అనుకుని ఒకరి దగ్గర రొట్టె పుచ్చుకుంటారు. అది తీరితే వచ్చే ఏడు మళ్లీ వచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. హిందువులూ ముస్లిములూ పక్కపక్కనే నిలబడి ఇచ్చిపుచ్చుకుంటారు. పుచ్చుకోవడంతో ఆ యాత్ర సగమే అయినట్టు, తిరిగి వెళ్లి ఇస్తేనే పూర్తయినట్టు. నాకు తెలిసిన యాత్రలన్నిటిలో ఇంత అందమైన ఏర్పాటు ఇంకొకటి లేదు.

1991 గోదావరి పుష్కరాలకి నాకు పన్నెండేళ్లు. ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి, మా వీధివాళ్లందరం కొవ్వూరు గోష్పాద రేవుకి వెళ్లాం. మా మామ్మ చేతిలో ఇత్తడి చెంబు. పుష్కరాలు వానాకాలంలో వచ్చాయి, గోదారి ఎర్రగా ఉంది. ఎదురుగా రాజమండ్రి, ఎడాపెడా జనం, 1900లో కట్టిన పాత హేవలాక్ బ్రిడ్జి. మామ్మ నన్ను మూడు మునకలు వేయించి, ఒడ్డున తల తుడుస్తూ చెప్పింది: "నాకిది ఆరో పుష్కరం రా అబ్బాయ్. ఏడోది నాకు లేదు. అప్పుడు మీ నాన్న నా పేరు చెప్తాడు. నువ్వు పక్కన నిలబడి విను."

ఇంటికొచ్చాక ఆ చెంబులో నీళ్లని ఆవిడ ఏం చేసిందో ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. చిల్లగింజని గరుకురాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని చెంబు లోపలంతా చేత్తో రాసి, మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచింది. తెల్లారేసరికి పైన నీళ్లు తేటగా, అడుగున వేలెడు మందాన ఒండ్రు. తేట నీళ్లు సీసాలో పోసి దేవుడి గూట్లో పెట్టింది. ఒండ్రు పారెయ్యలేదు, తులసికోట మొదట్లో వేసింది.

మామ్మ 1998లో పోయింది. 2003 పుష్కరాల నాటికి నేను అమెరికా వచ్చి రెండేళ్లు. సెలవు దొరకదనుకున్నాను. నిజానికి గట్టిగా అడగలేదు. రేవు నుంచి ఇంటికెళ్లాక నాన్న ఫోన్ చేశారు. "మా అమ్మ పేరు చెప్పాను రా" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. పక్కన నిలబడి విను అన్న మనిషి మాట నేను చెల్లించలేదు. ఆ ఫోను పెట్టేశాక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

2014లో అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చినప్పుడు గ్రాండ్ కేన్యన్ తీసుకెళ్లాను. 277 మైళ్ల పొడవు, ఇంచుమించు మైలు లోతు. సౌత్ రిమ్ మీద నిలబడితే ఎవరికైనా మాట ఆగిపోతుంది. నాన్న చాలాసేపు కిందికి చూసి, దారంలా మెరుస్తున్న కొలరాడో నదిని కనిపెట్టి, "ఆ నీళ్ల దగ్గరికి దిగొచ్చా?" అని అడిగారు. కాలిబాట ఉందిగానీ, ఒక్కరోజులో నది దాకా దిగి తిరిగి ఎక్కే ప్రయత్నం చేయొద్దని అక్కడ బోర్డులు పెట్టి ఉంటారు. డెబ్బై ఏళ్ల మనిషి ఏం దిగుతారు? "చెయ్యి తడపకుండా నదిని చూశానని ఎలా చెప్పనురా" అన్నారు. మేం అక్కడ ఉన్నది మూడు గంటలు, తీసుకున్న ఫోటోలు రెండువందలు.

అందుకే 2017లో వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు మేం కొత్త చోటికి వెళ్లలేదు. అదే నదికి, ఎగువన లీస్ ఫెర్రీ అనే చోటికి వెళ్లాం. గ్రాండ్ కేన్యన్ మైళ్లు లెక్కపెట్టడం అక్కడి నుంచే మొదలవుతుంది. కారు నీటి అంచుదాకా వెళ్తుంది. పైనున్న గ్లెన్ కేన్యన్ డ్యాం జలాశయం లోతుల్లోంచి వదిలే నీళ్లు గనక నడివేసవిలో కూడా మంచులా ఉన్నాయి. నాన్న పంచె పైకి కట్టి మోకాళ్లదాకా దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకున్నారు. ఆయన రోజూ స్నానం చేస్తూ ఏడు నదుల పేర్లు తలుచుకునేవారు. మా ఇంట్లో షవరు కింద కూడా మానలేదు. ఆ రోజు ఒడ్డుకి వచ్చి, "ఇవాళ ఎనిమిదోది కలిపాను" అన్నారు. ఆ మాటతో కొలరాడో మా ఇంటి నది అయింది. మొదటిసారి తీసుకున్న రెండువందల ఫోటోలు ఇప్పుడు ఎక్కడున్నాయో నాకు తెలియదు. రెండోసారి ఆయన దోసిలి మాత్రం కళ్లముందే ఉంది.

ఈ రెండు ప్రయాణాల మధ్యలో 2015 పుష్కరాలు వచ్చాయి. ఈసారి సెలవు గట్టిగానే అడిగాను. రాజమండ్రిలో తొలిరోజు తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయన్న వార్తకి మా ఆవిడ భయపడింది. ఏడో రోజున, కొవ్వూరికి ఎగువన మా మేనత్తగారి ఊళ్లో ఉన్న చిన్న రేవుకి వెళ్లాం. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. ఎర్రటి నీళ్లు చూసి దిగనన్నాడు. బుజ్జగించి దింపితే నాలుగో మెట్టు మీద కాలు జారి పడ్డాడు. ఆ మెట్టు సగం విరిగి ఉంది, నీళ్లలో కనపడదు. మోకాలు గీరుకుని ఏడుస్తూనే తాతగారి పక్కన నిలబడ్డాడు.

పురోహితుడుగారు గోత్రం అడిగి, పేర్లు చెప్పమన్నారు. నాన్న తన తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పారు. తరవాత తల్లి పేరు, నాయనమ్మ పేరు, ఆవిడ అత్తగారి పేరు. మామ్మ పేరు వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను, విన్నాను. అయ్యాక మా వాడు అడిగాడు: "ముత్తాతని నువ్వు చూశావా తాతా?"

"లేదురా. మా నాన్న చూశారు."

వాడు ఇంకేం అడగలేదు, ఆ రోజంతా తాతగారి చెయ్యి వదల్లేదు.

ఇండియా ప్రయాణాలని మనం ఎలా వాడుకుంటున్నామో ఒక్కసారి ఆలోచించండి. మూడు వారాల్లో రెండు పెళ్లిళ్లు, వీసా స్టాంపింగు, హైదరాబాదులో బట్టల షాపింగు, మధ్యలో పిల్లలు "బోరు" అనకుండా ఓ రిసార్టు. ఊరికి ఒక పూట. మన పిల్లలకి మన ఊరు నచ్చదని బాధపడతాం. ఒక్క పూటలో ఏ ఊరూ ఎవరికీ నచ్చదు. మొదటిసారి చూసిన పిల్లవాడికి దోమలు, ఎండ, తెలియని బంధువులు గుర్తుంటారు. రెండోసారికి కుక్కపిల్ల పేరు, మూడోసారికి పక్కింటి అబ్బాయి స్నేహం. పిల్లలు ఒక చోటుని సొంతం చేసుకోవడానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధి మనమే ఇవ్వడం లేదు.

అన్ని చోట్లూ మన కోసం కాచుకుని ఉండవు కూడా. 2018 డిసెంబరులో పాపికొండలు చూశాం. కొండలు రెండు వైపులా దగ్గరికొచ్చి గోదారి సన్నబడే చోట లాంచి ఇంజను చప్పుడు కొండకి తగిలి తిరిగొస్తుంది. దిగువన పోలవరం ఆనకట్ట లేచాక దేవీపట్నం మండలంలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. మేం చూసిన ఇళ్లూ వేపచెట్లూ మళ్లీ చూడగలమన్న ఆశ లేదు. మళ్లీ వెళ్దాంలే అనుకుంటూ వాయిదా వేసే చోట్ల గురించి అప్పటి నుంచి నాకు బెంగ పట్టుకుంది.

నాన్న 2021లో పోయారు. మరుసటి ఏడాది సంవత్సరీకానికి వెళ్లినప్పుడు అదే చిన్న రేవులో దిగాం. మా అబ్బాయికి పదిహేనేళ్లు. ముందు వాడే దిగాడు. చెల్లెలు వెనక దిగుతుంటే చెయ్యి పట్టుకుని, "ఇక్కడ కాలు పెట్టకు, మెట్టు లేదు" అన్నాడు. నీళ్లు ఎర్రగా నిండుగా ఉన్నాయి. మెట్లేవీ పైకి కనపడటం లేదు. డాలస్‌లో పెరిగిన పిల్లవాడికి గోదారి నీళ్ల కింద ఏ మెట్టు విరిగిందో తెలుసు. మా అమ్మాయి ఆ సూది గురించి అడిగింది ఈ ప్రయాణం నుంచి తిరిగి వచ్చాకే. తనకి నేనివ్వలేకపోయిన జవాబు ఆ మెట్టు దగ్గర ఉంది.

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. మన పిల్లల బడులకి అప్పుడు వేసవి సెలవులు. నాన్న పేరు నేను చెప్పాలి. ఒకటి ఈ మధ్యే తట్టింది: నా వరసలో నాన్న పేరు మొదట చేరగానే, ఆయన చివర చెప్పిన ముత్తాతగారి పేరు తప్పుకుంటుంది. మా అబ్బాయి చెప్పే రోజు వచ్చేసరికి మామ్మ పేరు ఆడవాళ్ల వరసలో చిట్టచివర ఉంటుంది. ఈ పుష్కరాలకి వాడికి ఇరవై ఏళ్లు వస్తాయి. పక్కన నిలబడి వింటానని వాడే అన్నాడు.

మీరూ రండి. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, కొవ్వూరు, రాజమండ్రి, అంతర్వేది, ఎవరి ఊరికి దగ్గరైన రేవు వాళ్లకుంది. తొలిరోజే మునగాలన్న పట్టుదల వద్దు, పన్నెండు రోజులూ పుష్కరమే. మీ ఇంటి ఆచారం వేరైతే మీ దర్గాకి, మీ పెద్దల సమాధుల దగ్గరికి, మీ ఊరి జాతరకి వెళ్లండి. ఒకసారి కాదు, పిల్లలు పెద్దయ్యేలోగా మూడుసార్లైనా వెళ్లండి. టికెట్లు కొనడానికి ఇంకా సమయం ఉంది. ఒక పని మాత్రం ఈ వారాంతంలోనే చెయ్యండి. ఇంటికి ఫోన్ చేసి మూడు తరాల పేర్లు అడిగి రాసుకోండి. అమ్మవైపువి కూడా అడగండి. ఆడవాళ్ల పేర్లు మరీ మరీ అడగండి, మనం ముందుగా మరిచిపోయేవి అవే. చెప్పగలిగినవాళ్లు ఇంకా ఫోనెత్తుతున్నారు.