మీరేమిట్లు?

ఈ ప్రశ్నకి అబద్ధం చెప్పినవాడు తప్పు చేసినట్టా, కాదా? పాతికేళ్ళకి పైగా నాలో నలుగుతున్న సంగతి ఇది. నేను సర్కారు బళ్ళో పంతులుద్యోగం చేస్తున్నాను. మా ఇంటిపేరున్న వాళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఎప్పుడూ నిజమే చెప్పాలని పిల్లలకి పాఠం చెబుతాను. చెప్పేటప్పుడు గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న టౌను. టౌనంటే టౌనే గానీ ఎవరి పేట వాళ్ళదే. మా మాదిగపేట కాలవకి అవతల. అమ్మ పొగాకు గ్రేడింగు కూలికి పోయేది. నాన్న బస్టాండు గేటు పక్కన వేపచెట్టు కింద గోనెపట్టా పరుచుకొని చెప్పులు కుట్టేవాడు. ముందర ఆరె, రంపె, మైనం రాసిన దారం, ఒక నీళ్ళ ముంత. అంతే కొట్టు.

1998లో ఆరో తరగతికి హైస్కూల్లో చేరాను. అప్పటికి నాలుగేళ్ళ ముందు, 1994 జూలై 7న, మా జిల్లాలోనే ఈదుమూడిలో దండోరా మొదలైంది. మా పేటలో మొగోళ్ళు పేరు చివర మాదిగ అని చేర్చుకుంటున్న రోజులవి. మా బాబాయి తన పెళ్ళి శుభలేఖ మీద కూడా అలాగే అచ్చేయించాడు. పేటంతా తలెత్తుకుంటున్న ఆ కాలంలో నేను కాపునైపోయాను.

అదెట్టా జరిగిందంటే, నా పక్కన కూర్చునే పిలగాడొకడు ఆటల పిరీడు అయ్యాక వాళ్ళింటికి తీసుకుపోయాడు. దాహం. వాళ్ళ నాయనమ్మ వసారాలో కూర్చొని చింతపండు గింజ తీస్తోంది. నన్ను ఎగాదిగా చూసి, "ఏ పేట అబ్బాయ్? మీరేమిట్లు?" అంది. గొంతులో కోపం లేదు. వర్షం పడేట్టుందా అని అడిగినంత మామూలుగా అడిగింది. "కాపులం" అన్నాను. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పటికీ తెలీదు. అమ్మ నేర్పలేదు, ఎవరూ నేర్పలేదు. స్టీలు గ్లాసులో మజ్జిగ వచ్చింది, కరివేపాకు వేసిన మజ్జిగ. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలీక చేతిలోనే పట్టుకు నిలబడితే, "ఆ గూట్లో పెట్టు నాయనా" అంది. లోపలి గూట్లో.

ఆ తర్వాత నెలరోజులు వాళ్ళింట్లో తిరిగాను. బస్టాండు మీదుగా బడికి పోయేటప్పుడు రోడ్డుకి రెండో పక్కకి మారేవాణ్ణి. నాన్న చూసేవాడేమో తెలీదు. నేనైతే చూడలేదు.

ఒకరోజు సాయంత్రం బడి వదిలాక సరిగ్గా బస్టాండు ముందే ఆ పిలగాడి చెప్పు ఉంగటం తెగింది. "రారా, కుట్టిద్దాం" అని నా చెయ్యి పట్టుకొని లాక్కుపోయాడు. నాన్న తలెత్తాడు. నన్ను చూశాడు. వాణ్ణి చూశాడు. నా కాళ్ళు వణుకుతున్నయి. నాన్న చెప్పు అందుకొని దులిపి, రెండు కుట్లు వేసి, దారం పళ్ళతో తెంపి, "వేసుకో బాబూ, గట్టిగా వుంది" అన్నాడు. వాడు రూపాయిచ్చాడు. నాన్న రూపాయి కళ్ళకద్దుకొని సంచిలో వేసుకున్నాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాడు. ఒక్క మాట అనలేదు.

ఇంకో పది రోజులకి క్లాసులో ఏదో లెక్క పంపాలని ఎస్సీ పిల్లల్ని లేచి నిలబడమన్నారు. లేవక తప్పలేదు. నా పేరు రిజిస్టర్లో వుంది. ఆ పిలగాడు నా వంక చూసిన చూపు సరే, వాడు చేసిన ఫిర్యాదు చూడండి: "మాస్టారూ, వీడు అబద్ధం చెప్పి మా ఇంట్లోకొచ్చాడు." మాస్టారు మంచాయన. నిజంగా మంచాయనే, నాకు వ్యాకరణం నేర్పింది ఆయనే. బెత్తంతో అరచేతుల మీద నాలుగు వేసి, "కులం తక్కువైతే తప్పు లేదురా, అబద్ధం ఆడటం తప్పు" అన్నాడు. ఆ వారమే హరిశ్చంద్రుడి కథ చెప్పి వున్నాడు.

ఆ కథని పెద్దయ్యాక ఎన్నిసార్లు తిరగేసి చూశానో. సత్యం కోసం ఆ మహారాజు రాజ్యం పోగొట్టుకున్నాడు, భార్యాబిడ్డల్ని అమ్ముకున్నాడు. అన్నిటికీ మించిన కష్టం ఏందయ్యా అంటే, కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోవటం. అంటే సత్యానికి ఎంత ఘోరం జరిగిందో కొలవటానికి కొలబద్ద మేము! వీరబాహుడు ఏం నిజం చెప్పాడో, ఏం అబద్ధం చెప్పి బతికాడో ఏ పంతులూ అడగడు. ఇంకో విచిత్రం, ఆ నాటకం కాటి సీనులో పాడే పద్యాలు జాషువావి. మా నాన్నకి అవి నోటికొచ్చు, కుట్టుకుంటూ కూనిరాగం తీసేవాడు. అవి ఎవరు రాశారో ఆయనకి తెలీదు. డిగ్రీ చదివేటప్పుడు నేను చెబితే, "మనోడా!" అని పని ఆపేశాడు.

బీఈడీలో వుండగా అంబేడ్కర్ తన బరోడా రోజుల గురించి రాసుకున్నది చదివాను. కొలంబియాలో చదివి వచ్చి 1917లో అక్కడ ఉద్యోగంలో చేరబోతే ఉండటానికి చోటు లేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకొని దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకొని మనుషులొచ్చి ఖాళీ చేయించారు. నా కళ్ళవెంట నీళ్ళు కారినయి. అంతటి మనిషి కూడా రిజిస్టర్లో అబద్ధం పేరు రాయించుకున్నాడు గదా అని కొంత ఊరట. ఆ అబద్ధం ఎవరిది? పేరు రాయించుకున్న వాడిదా, అసలు పేరు చెబితే తలుపు మూసేవాళ్ళదా?

నా వాదం ఇదీ. నిజం చెప్పాల్సిన బాధ్యత సమానుల మధ్య పుడుతుంది. "మీరేమిట్లు" అన్నది నా గురించి తెలుసుకోవటానికి అడిగింది కాదు, గ్లాసు ఏదో తేల్చుకోవటానికి అడిగింది. ఆ ముసలమ్మకి నేను నిజం బాకీ లేను. పైగా చూడండి, సర్కారు కాయితం మీద నిజం చెప్పకపోతే చదువు లేదు, వీధిలో నిజం చెబితే మంచినీళ్ళు లేవు. పదకొండేళ్ళ పిలగాడు ఈ రెండు తాసుల్నీ ఎట్టా మొయ్యాలి?

ఇక్కడిదాకా బాగానే వుంది. మీటింగుల్లో చెబితే చప్పట్లు కూడా కొడతారు. కానీ ఆ అబద్ధం ముసలమ్మ దగ్గర ఆగలేదు. బస్టాండు దాకా నడిచొచ్చింది. అక్కడ కూర్చున్నది మా నాన్న. నాకు అడ్డం పడేది అక్కడే.

ఇప్పుడు నేను పనిచేసే ఊళ్ళో అద్దె ఇల్లు అడిగితే అదే ప్రశ్న, చివర "మాస్టారూ" చేర్చి. మాదిగోళ్ళమని చెబుతాను. రెండిళ్ళు పోయినయి, మూడోది దొరికింది. దీన్ని ధైర్యమని ఎవరన్నా అంటే నాకు సిగ్గు. నెలనెలా జీతం పడేవాడు చెప్పే నిజానికి ఖర్చు తక్కువ. పోయినేడు ఎనిమిదో తరగతిలో ఒకడొచ్చి, "సార్, వాడు వాళ్ళ కులం అబద్ధం చెప్పాడు" అన్నాడు. "నువ్వెందుకడిగావు?" అన్నాను. వాడు బిక్కమొగమేశాడు. అబద్ధం చెప్పినవాడు మూడు రోజులు బడికి రాలేదు. నేను చేసింది సరైందో కాదో, ఆ మూడు రోజులూ నాకు నిద్ర లేదు.

నాన్న ఇప్పుడు కుట్టటం లేదు, చూపు ఆనదు. మొన్న సంక్రాంతి సెలవులకి పోయినప్పుడు చివరికి అడిగాను, ఆ రోజు నన్ను ఎరగనట్టు ఎందుకున్నావని. "ఏ రోజు?" అన్నాడు ముందు. చెప్పాను. చాలాసేపు చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు.

"నువ్వే ఎరగనట్టు నిలబడితివి గదరా" అన్నాడు.

"మరి రూపాయి ఎందుకు తీసుకున్నావు?"

"తీసుకోకపోతే ఆ పిలగాడికి అనుమానం రాదంట్రా?"