ధృతరాష్ట్రుడు భోంచేశాడా?



ఆశ్రమవాసిక పర్వంలో ఒక విషయం చాలామంది గమనించరు. యుద్ధం అయ్యాక ధృతరాష్ట్రుడు 15 ఏళ్లు ధర్మరాజు దగ్గరే ఉన్నాడు. మంచి పరుపులు, వంటవాళ్లు, పరిచారకులు, పైగా ఆయన మనసు నొప్పించొద్దని రాజాజ్ఞ. అయినా భీముడు ఆ ముసలాయన వినేలా, నీ కొడుకుల్ని చంపిన చేతులు ఇవేనని భుజాలు చరిచేవాడు. ధర్మరాజుకు తెలియదు. కుంతికి, ద్రౌపదికి కూడా తెలియదు. చివరికి ధృతరాష్ట్రుడే బయటపెట్టాడు. ప్రాయశ్చిత్తంగా ఎప్పుడో ఓ పూట కొంచెం తింటున్నాడట, దర్భలు పరుచుకుని నేలమీద పడుకుంటున్నాడట. పరిచారకులేమో రోజూలాగే భోంచేస్తున్నాడని అనుకున్నారు. గాంధారికి ఒక్కరికే తెలుసు.

ఇది నాకు ఇప్పుడెందుకు పట్టుకుందంటే, పెద్దపల్లిలో మా నాయినమ్మకు తుంటి ఎముక విరిగింది. ఇంట్లో చూసుకునే మనుషులు చాలట్లేదు. "నువ్వు కంప్యూటరోనివి గదా, ఏ హోమ్ మంచిదో లెక్క తీసి చెప్పు" అన్నారు బాపు, పెద్దబాపు. సరే, ఎక్సెల్ షీట్ మొదలుపెట్టాను.

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే కాన్పులకు పోయే చిన్న దవాఖాన. అమెరికాలో అది మంచానపడ్డ పెద్దవాళ్లు ఉండే చోటు. అక్కడి ప్రభుత్వం 2008 నుంచి వాటికి 1 నుంచి 5 వరకు నక్షత్రాలు ఇస్తోంది. ముసలివాళ్లను మత్తులో ఉంచేందుకు మానసిక రోగాల మందులు వాడుతున్నారేమోనని దాన్నీ లెక్కపెట్టారు. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లను మాత్రం ఆ లెక్కలోంచి తీసేశారు. ఇంకేముంది, కొన్ని హోమ్‌లు సరైన ఆధారం లేకుండానే ఫైళ్లలో ఆ రోగం పేరు రాసుకున్నాయి. 2023లో ప్రభుత్వం దానిమీద ఆడిట్లు పెట్టాల్సి వచ్చింది. మూసిన టికెట్ల సంఖ్యతో అప్రైజల్ ఇచ్చే ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఇదేం కొత్త కాదు.

అందుకని కొలతలే వద్దు, ప్రేమ ఉంటే చాలంటే నేను ఒప్పుకోను. తనంతట తాను కదలలేని మనిషిని రెండు మూడు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున, తుంటిన పుండ్లు పడతాయి. ఎంత ప్రేమున్న కొడుకైనా అలసిపోయి మరిచిపోతాడు. గోడమీద చార్టు గుర్తుచేస్తుంది. నోరులేని మనిషి తరఫున ఆ పుండే సాక్షి, దాన్ని లెక్కపెట్టాల్సిందే. మన 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మంది పేద వృద్ధులకు చోటు అని మాట్లాడుతుంది. అది మంచాల లెక్క. ప్రమాణాల సంగతి రాష్ట్రాలకు వదిలింది.

ధర్మరాజుకు లోపించింది ప్రేమా కాదు, ఏర్పాట్లూ కాదు. ఆయనకు సంగతులు తెలిసింది సేవ చేసేవాళ్ల ద్వారా. ధృతరాష్ట్రుడు ఎందుకు దాచాడు? తెలిస్తే ధర్మరాజు బాధపడతాడని. మా నాయినమ్మా అంతే, ఎంత నొప్పున్నా "మంచిగనే ఉన్న బిడ్డా" అంటుంది. ఇంకొకరి చేతిమీద బతికేవాళ్లకు రెండు భయాలు: అన్నం పెట్టేవాళ్లకు కోపమొస్తుందని, ప్రేమించేవాళ్లు బాధపడతారని. అభిప్రాయ సేకరణ ఫారంలో 5కి 5 కనబడితే నాకు ముందు ఆ భయాలే గుర్తొస్తాయి.

మూడు హోమ్‌లు చూశాను. ఒకచోట ఓ పెద్దాయనను అన్నం ఎట్లుంటదని అడిగితే, ముందు మేనేజర్ మొహం చూసి తర్వాత బాగుంటదన్నాడు. కెమెరాలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇంకోచోటికి చెప్పకుండా రాత్రి తొమ్మిదింటికి పోయాను. ఎవరో గదిలో బెల్లు నొక్కారు, గడియారం చూస్తూ నిలబడ్డాను. నాలుగు నిమిషాల్లో ఓ ఆయమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. గోడలకు సున్నం కూడా సరిగా లేదు అక్కడ.

మొన్న బాపు ఇంట్లో లేనప్పుడు నాయినమ్మను అడిగాను, నీకేం కావాలె అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాత్రి ఒంటికని లేపితే కసురుకోనోళ్లు కావాలె" అంది. షీట్‌లో ఆ కాలమ్ పెట్టాను, ఇంకా ఖాళీగానే ఉంది. ఆదివారం ఆ ఆయమ్మతోనూ, ఆ గదిలో బెల్లు నొక్కినవాళ్లతోనూ విడివిడిగా మాట్లాడాలి.