సత్యక్క కాయకము - ఆసుపత్రి శుభ్రత

శరణగణమునందు సత్యక్క అను తల్లి కలదు. 12వ శతాబ్దమునాటి ఈ శివశరణి కాయకము శివభక్తుల వాకిళ్లు ఊడ్చుట. ఊడ్చుచున్న దారిలో పరుల సొమ్ము కనబడినను ముట్టని నిష్ఠ కలదిగా ఆమె ప్రసిద్ధురాలు. అదే గణమునందు వైద్య సంగణ్ణ అను శరణుడును కలడు. ఆయన కాయకము రోగులకు చికిత్స చేయుట. నాడి చూచిన చేయి గొప్పది, చీపురు పట్టిన చేయి తక్కువది అను లెక్క శరణులయొద్ద లేదు. ఇద్దరి వచనములును వచనవాఙ్మయమున చేరినవి. ఇద్దరి పేర్లును శరణుల వరుసలోనే స్మరింపబడుచున్నవి.

నేటి ఆసుపత్రిలో ఈ ఇద్దరిని వెదకినచో సంగణ్ణ వెంటనే కనబడును. తలుపుమీద ఆయన పేరును, పట్టములును వ్రాయబడియుండును. సత్యక్క మాత్రము కనబడదు. ఆమె కాంట్రాక్టరుక్రింద పనిచేయుచు, బకెట్టుతో వరండా చివర నిలిచియుండును. రోగి బంధువులు ఆమెను పేరుపెట్టి పిలువరు. తడి ఆరని నేలపై చెప్పులతో నడచి పోవుదురు. అయినను రోగి ప్రాణము సంగణ్ణ చేతిలో ఎట్లున్నదో సత్యక్క చేతిలోను అట్లే ఉన్నది. కాయకమును పొగడుటకై అతిశయించి చెప్పిన మాట కాదిది. వైద్యచరిత్రయే దీనికి సాక్ష్యము.

ఆస్ట్రియా రాజధానియగు వియన్నానగరపు పెద్దాసుపత్రిలో 1840ల నాడు రెండు ప్రసూతి విభాగములుండెడివి. మొదటిదానియందు వైద్యవిద్యార్థులు, రెండవదానియందు మంత్రసానులు శిక్షణ పొందుచుండిరి. బాలింతజ్వరముచే మరణించు తల్లులు మొదటి విభాగముననే మిక్కిలి అధికము. ఈ సంగతి ఊరిలోని స్త్రీలకును తెలిసి, తమ్ము రెండవ విభాగముననే చేర్చుకొనుడని ఏడ్చి వేడుకొనెడివారట. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను యువవైద్యుడు కారణమును వెదకెను. మొదటి విభాగపు వైద్యులును విద్యార్థులును శవపరీక్షలు చేసిన చేతులతోనే వచ్చి గర్భిణులను పరీక్షించుచుండిరి. మంత్రసానులకు శవపరీక్షల పని లేదు. భేదమంతయు ఇక్కడనే ఉన్నదని ఆయన గ్రహించెను. 1847 మే నెలలో, రోగిని తాకుటకు ముందు ప్రతివారును క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగవలెనని నియమము పెట్టెను. ఏప్రిల్ నెలలో నూటికి 18 మంది తల్లులు మరణించిన ఆ విభాగమున జూన్ నెలలో మరణములు నూటికి రెండింటి దరికి దిగినవి. కొత్త మందు లేదు, కొత్త యంత్రము లేదు. చేతులు కడుగుటయే జరిగినది.

ఇంతటి ఫలము కనులయెదుట కనబడినను నాటి పెద్దవైద్యులు పలువురు ఆయన మాట నంగీకరింపలేదు. ప్రాణము పోయవలసిన తమ చేయియే మృత్యువును మోసికొని వచ్చినదనుట వారికి భరింపరానిదాయెను. 1865లో సెమ్మెల్‌వైస్ ఒక పిచ్చాసుపత్రియందు మరణించునాటికి కూడ ఆయన బోధ లోకమున నిలువలేదు. శరణులు పంచాచారములలో భృత్యాచారము నొకటిగా ఏల చేర్చిరో ఈ కథ విన్నవారికి తెలియగలదు. భక్తులలో తానే చిన్నవాడనను బుద్ధి లేనిచో పాండిత్యముకూడ చంపును.

రోగిని తాకుటకు ముందును, తాకిన పిమ్మటను చేతులు శుభ్రపరచుకొనవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ నేడు చెప్పుచున్నది. మద్యసారపు ద్రవమైనచో 20 మొదలు 30 సెకండ్లు రుద్దవలెను. సబ్బుతో కడుగుట యంతయు 40 మొదలు 60 సెకండ్లు పట్టవలెను. వ్రేళ్లసందులు, గోళ్లక్రింద, బొటనవ్రేలు మరువరాదు. పంచాక్షరిని నెమ్మదిగా పదిమార్లు జపించునంత కాలము చాలునని ఇంటిలోని పెద్దలు పిల్లలకు నేర్పవచ్చును. ఈ నియమము వైద్యులకే కాదు, రోగిని చూడవచ్చిన మేనమామకును, నుదుట విభూతి పెట్టవచ్చిన అయ్యగారికిని అంతే వర్తించును. విభూతి పవిత్రమే. అది పెట్టు వ్రేలు బస్సు కమ్మిని పట్టుకొని వచ్చినదై ఉండవచ్చును.

బంధువులు భక్తితో చేయు పనియే కీడుగా మారుట ఆసుపత్రులయందు తరచు జరుగును. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో శస్త్రచికిత్సకై చేర్చిన పదిదినముల పసికందు ఎలుకలు కొరికి మరణించెను. రాష్ట్రమంతయు తలవంచుకొన్న దినమది. అధికారులపై చర్యలు తీసికొనిరి, ఎలుకలను పట్టించిరి. అదంతయు చేయవలసినదే. అయితే ఏ ఆసుపత్రికైనను ఎలుకలు ఎందుకు వచ్చును? కాలువలు మూతలు లేక ఉండుట ఒక కారణము, గోడలలోని కన్నములు మరియొక కారణము. మంచముక్రింద మిగిలిన అన్నము, కిటికీలోనుండి విసరిన విస్తరి, సంచిలో మరచిన రొట్టెముక్క మూడవ కారణము. మొదటి రెండును ప్రభుత్వము సరిచేయవలసినవి. మూడవది రోగి వెంట వచ్చినవారి చేతిలోనిది. ప్రసాదమును ఒక మెతుకైనను పారవేయరాదని నేర్చిన వీరశైవుడు ఆసుపత్రి మంచముక్రింద ఎంగిలి వదలుట ఏ ఆచారము? అన్నదాసోహము చేయదలచిన మఠములును వార్డులోపల వడ్డింపక, వెలుపల కూర్చుండి తినుటకు తావును, చేతులు కడుగుటకు నీటిని, మూతగల తొట్టెను ఏర్పరచి చేయవలెను.

ఇష్టలింగధారణగల రోగికి శస్త్రచికిత్స చేయవలసినపుడు ఒక చిక్కు వచ్చును. లింగమును దేహమునుండి ఎడబాపరాదని దీక్షానియమము. వెండికాయను, శివదారమును తీసివేయవలెనని ఆసుపత్రివారి నియమము. వారి మాట వట్టి మొండితనము కాదు. శస్త్రచికిత్సలో రక్తమాపుటకు వాడు విద్యుత్పరికరమువలన ఒంటిమీది లోహముచోట చర్మము కాలవచ్చును. చెమటతో తడిసిన పాతదారము గాయమునకు క్రిములను చేర్చవచ్చును. ఆఖరు నిమిషమున థియేటరు తలుపువద్ద వాదులాడుటకంటె, నాలుగుదినములు ముందే దీక్షాగురువునొద్దకును, వైద్యునొద్దకును పోయి మాటాడుకొనుట ఉత్తమము. ఇష్టలింగము, ప్రాణలింగము, భావలింగము అని లింగము మూడుగా నున్నదని శాస్త్రము. ఇష్టలింగము కొన్ని గడియలు శుభ్రమైన వస్త్రమున చుట్టబడి ఇంటివారి చేతిలో నున్నంతమాత్రమున ప్రాణలింగము ఎక్కడికిని పోదని రోగికి ధైర్యము చెప్పదగినవారు గురువులే. దినదినము పాతదారము మార్చి క్రొత్తది ధరించుటయు, అభిషేకజలము మంచముపై చిందకుండ చిన్నపళ్లెములో పట్టుటయు ఆసుపత్రిలోనున్నన్నినాళ్లు పాటింపదగినవి.

ఇక సత్యక్క పని. వార్డులో పొడిచీపురుతో ఊడ్చిన దుమ్ము లేచి, దానితో క్రిములును లేచి, ఊపిరితిత్తుల రోగి ముక్కులోను, కట్టు విప్పిన గాయముపైనను పడును. కావున అక్కడ తడిగుడ్డతో తుడువవలెనేగాని ఊడ్వరాదు. తక్కువ మురికిగల చోట మొదలుపెట్టి ఎక్కువ మురికిగల చోటికి పోవలెను. మరుగుదొడ్డి తుడిచిన గుడ్డతో మంచము తుడువరాదు. మురికియైన నీటిలోనే గుడ్డ ముంచి పది గదులు తుడుచుట శుభ్రత కాదు, మొదటి గది క్రిములను పది గదులకు పంచుట. మంచపు కమ్ములు, తలుపు గడియలు, సెలైన్ స్టాండు, పిలుపుగంట మీట - అందరి చేతులు తగులునవి ఇవియే. అందరును తుడుచుట మరచునవియు ఇవియే.

2016నాటి జీవవైద్య వ్యర్థముల నియమములప్రకారము రక్తపు కట్లు పసుపు సంచిలో, గొట్టములు చేతితొడుగులు వంటి ప్లాస్టిక్ వస్తువులు ఎరుపు సంచిలో, సూదులు గుచ్చుకొనుటకు వీలుగాని తెల్లడబ్బాలో, గాజుసీసాలు నీలపుపెట్టెలో వేయవలెను. చదువుకొన్న నర్సు తొందరలో సూదిని పసుపు సంచిలో పడవేసినచో అది గుచ్చుకొనునది చదువురాని ఆయా చేతికి. ఆ ఒక్క పోటుతో కామెర్ల క్రిమి ఆమె రక్తమున చేరవచ్చును. అందుకే ఆ నియమములే వ్యర్థములనెత్తు పనివారందరికి హెపటైటిస్ బి, ధనుర్వాతపు టీకాలు వేయించవలెనని ఆదేశించినవి. వీరశైవ సంస్థలచే నడుపబడు ఆసుపత్రుల ధర్మకర్తలు సభలో కూర్చుండునపుడు క్రొత్త స్కానింగు యంత్రము సంగతితోపాటు ఈ ప్రశ్నయు అడుగవలెను: తుడుచువారిలో ఎందరికి టీకాలు పడినవి? వారికి రబ్బరు తొడుగులు, కాలిజోళ్లు ఉన్నవా? జీతము నెలనెలకు అందుచున్నదా? కాయకమును పూజయని వేదికపై చెప్పి, కాయకము చేయువారి కూలిని కాంట్రాక్టరు మినహాయించుకొనుచుండగా చూచి ఊరకుండుట బసవని మార్గము కాదు.

దుప్పట్ల సంగతియు ఇట్టిదే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున మడివాలు మాచయ్య చరితమును విస్తరముగా చెప్పెను. భక్తుల వస్త్రములు తప్ప అన్యుల వస్త్రములు ఉతుకని వీరవ్రతుడాయన. రక్తపుమరకల దుప్పటిని మరగిన వేడినీట ఉతికి, ఎండలో ఆరవేసి, రోగికి పరచువాని పని మాచయ్య పనికి తీసిపోవునా?

అగ్నిభయమును గూర్చి ఒక్కమాట. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలోని ఒక ఆసుపత్రిలో నేలమాళిగలో పుట్టిన పొగకు 90 మందికి పైగా చనిపోయిరి. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ రోగులనుంచిన హోటలులో నిప్పంటుకొని 10 మంది మరణించిరి. మెట్లదారిలో పాతమంచములు పేర్చుట, ఆక్సిజన్ ఉన్న గదిలో హారతి వెలిగించుట మానవలెను. ఎంత భక్తుడైనను మంచమువద్ద కర్పూరము వెలిగింపరాదు.

రోగికి నిద్రయు మందే. వార్డులో రాత్రిపూట శబ్దము 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1999లో సూచించినది. అది గుసగుసమాటంత శబ్దము. ఆసుపత్రిచుట్టు 100 మీటర్లు నిశ్శబ్దప్రాంతమని 2000నాటి శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. బసవజయంతి ఊరేగింపు నందికోళ్లతో, వీరణములతో, మైకులతో ఆసుపత్రివీధిన సాగునపుడు ఆ 100 మీటర్లు వాద్యములాపి, మనసులో షడక్షరిని జపించుచు నడచినచో ఉత్సవమునకు ఏ లోటును రాదు.

ఆ జయంతిదినముననే రోగులకు పండ్లు, రొట్టెలు పంచు ఆచారము ఊరూర నున్నది. ఉద్దేశము మంచిదే. ఇరువదిమంది ఒక్కసారిగా వార్డులో చొరబడి, అరటిపండు చేతికిచ్చి, ఫోటో తీయించుకొని వెళ్లుదురు. ఆ రోగి మూత్రపిండములు చెడినవాడైనచో అరటిపండులోని పొటాషియము వానికి ప్రాణాపాయము. మరునాడు శస్త్రచికిత్స గలవాడైనచో తెల్లవారుజామున తిన్న రొట్టెవలన అది వాయిదాపడును. తొక్కలు మంచముక్రింద చేరును, సాయంకాలమునకు ఈగలు, రాత్రికి ఎలుకలు. ఆసుపత్రి సూపరింటెండెంటునొద్దకు పదిదినములు ముందుగా ఇద్దరు పెద్దలు పోయి, ఏమి కావలెనని అడుగవచ్చును. దుప్పట్లు కావలెనందురు, దోమతెరలు కావలెనందురు, చేతులు కడుగుచోట సబ్బు లేదందురు, స్త్రీల మరుగుదొడ్డి తలుపు గడియ ఊడినదందురు. వంద కిలోల అరటిపండ్ల డబ్బుతో ఆ గడియ బిగించి, కుళాయి మార్పించి, ఏడాదిపొడుగునకు సరిపడు సబ్బు కొనవచ్చును. ఫోటోలో అది కనబడదు. మిగిలిన డబ్బుతో ఆ వార్డు తుడుచు ఆయాలకు క్రొత్తచీరలు పెట్టి, వారిని మఠమునకు పిలిచి, పంక్తిలో అందరితోపాటు కూర్చుండబెట్టి వడ్డింపవచ్చును. పంక్తిలో మొదటి విస్తరి ఎవరిదని ఎవరైనను అడిగినచో, సత్యక్కదని చెప్పవచ్చును.