చింతగింజ తూకం

చిత్తూరు బెల్లం మండీ దగ్గర చిల్లరంగడి పెట్టుకొని ఒక అవ్వ బతికేది. ఊరంతా కరెంటు కాటాలకు మారినా ఆమె చేతి తక్కెడ వదల్లేదు. ఒకనాడు అంగడి మెట్టు మీద కాలు జారి ముంజేయి విరిగింది. చిన్న పాటుకే విరిగిందేమని తిరుపతి పెద్దాసుపత్రిలో స్కాన్ తీసి, ఎముకలు గుల్లబారాయన్నారు. వారానికొక మాత్ర, కాల్షియం, విటమిన్ డి రాసిచ్చి, రోజూ నడవమన్నారు.

సంగతి తెలిసి చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. "వద్దక్కా! ఆ మాత్ర మింగితే దవడెముక కుళ్లిపోతాదంట. తొడెముక దానంతటదే విరుగుతాదంట. నడిస్తే చాల్లే. నన్ను చూడు, ఏ మందూ లేకుండానే అలిపిరి మెట్లెక్కతా ఉండా."

అవ్వకు గుండె జారింది. మాత్రల అట్టను బెల్లం డబ్బా వెనక దోపేసింది.

నెలలు గడిచాయి. ఒక సాయంత్రం మనవరాలు తక్కెడతో ఆడుకుంటా ఒక తట్టలో చింతగింజ వేసింది. ఆ తట్ట కిందికి ఒరిగి నేలకు తగిలింది.

"అవ్వా, ఈ గింజ ఎంత బరువుండాదో చూడు!"

"అవతల తట్టలో రాయి పెట్టకుంటే చింతగింజైనా నేలకు తగులుతాది అమ్మణ్ణీ" అని నవ్విన అవ్వ, నవ్వుతూనే ఆగిపోయింది. ఇన్నాళ్లూ తను తూస్తున్నదీ అట్లాంటి తూకమే.

మర్నాడు చెల్లెల్ని వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరికి పోయింది. "మందు చేసే చెరుపు ఒక తట్టలో ఉండాది సార్. రెండో తట్టలో ఏముండాదో చెప్పండి."

"తుంటి ఉందమ్మా" అన్నాడాయన. "ఒకసారి విరిగినవాళ్లకు ఇంకోసారి విరిగే ముప్పెక్కువ. తుంటి విరిగిన పెద్దవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే పోతారు. ఈ మాత్ర వెన్నుపూసలు విరిగే ముప్పును దాదాపు సగం తగ్గిస్తుంది. దవడ జబ్బు ఈ మోతాదులో చాలా అరుదు. తొడెముక మాటా నిజమే, అదీ అరుదే. కానీ ఏళ్ల తరబడి మింగితే పెరుగుతుంది. అందుకే ఐదేళ్లకు ఆపాలా వద్దా అని చూస్తాం."

చెల్లెలికీ స్కాన్ తీశారు. ఎముక కాస్త పలచబడింది, అంతే. ఎన్నడూ విరగలేదు. ఆమెకు మాత్ర రాయలేదు. అక్క మాత్ర మొదలుపెట్టింది, చెల్లెలు నడక కొనసాగించింది.

నీతి: అవతలి తట్ట ఖాళీగా పెట్టి తూస్తే చింతగింజా కొండంత బరువే.

ఈ నీతి మన సీమకు మరీ అవసరం. తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో, పట్నంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో తిండిలో కాల్షియం తక్కువని, ఇంత ఎండలోనూ విటమిన్ డి కొరవని తేలింది. ఎండ ఉంది కదా, సంగటి తింటున్నాం కదా అన్న ధీమా చాలదు. రాగుల్లో కాల్షియం పుష్కలం, కానీ ధాన్యంలోని ఫైటేట్ దాన్ని ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు. మొలకెత్తించి పిండి చేసుకుంటే కొంత మేలు.

మందు భయం వట్టిది కాదు, దాన్ని తగ్గించే దారులు మాత్రం ఉన్నాయి. వారపు మాత్రను పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంట కాఫీ ముట్టకుండా, నడుం వాల్చకుండా ఉండాలి. మింగి మళ్లీ పడుకుంటే గొంతు, గుండెల్లో మంట ఎక్కువ. మొదలుపెట్టే ముందే పళ్లు చూపించుకోవాలి. తొడలో, గజ్జలో కొత్తగా నొప్పి వస్తే వెంటనే చెప్పాలి.

వ్యాయామాన్నీ తూచాల్సిందే. ముసలితనంలో నడక ఎముకను పెంచేది కొద్దిగానే. దాని అసలు మేలు కాళ్లకు బలమిచ్చి పడకుండా కాయడం. కుర్చీలోంచి చేతులానకుండా లేవడం, గోడ పట్టుకొని ఒంటికాలి మీద నిలబడటం ఇందుకు మంచివి. వెన్నుపూస విరిగినవాళ్లు వంగి బిందె ఎత్తకూడదు. అలిపిరి 3550 మెట్లు ఎక్కడం కన్నా దిగడంలోనే జారే భయం ఎక్కువ.

ఇదే జబ్బుకు ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ సూదికైతే తూకమంతా ముందే చూసుకోవాలి. దాన్ని మధ్యలో హఠాత్తుగా మానేస్తే వెన్నుపూసలు వరసగా విరగొచ్చు. మానక తప్పకపోతే దాని బదులు ఏ మందు వాడాలో డాక్టరుతో తేల్చుకున్నాకే మానాలి.