బరువు లేని రాకుమారి

పుట్టినప్పుడు అందరు పిల్లల్లాగే బరువు తూగిన పాప బాప్తిస్మం నాడు ఉన్నట్టుండి దూదిపింజె అయిపోయింది. రాజుగారు వేడుకకు అందర్నీ పిలిచి, సొంత అక్కను మరిచిపోయారు. మరిచిపోదగిన మనిషి కాదావిడ. మేకెమ్‌నాయిట్ అని పేరు, మంత్రగత్తె అని ప్రఖ్యాతి. పిలవకపోయినా వచ్చింది. తొట్టిలోని నీళ్లలో ఏదో కలిపి నోట్లో ఏదో గొణుక్కుంది. మరుక్షణం పాపను ఎత్తుకున్న దాదికి చేతుల్లో ఏమీ ఉన్నట్టు తెలియలేదు. తన చేతులకే పక్షవాతం వచ్చిందేమో అనుకుంది. అయినా పాపను గట్టిగా హత్తుకుని, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. కథలో మొదటి రహస్యం అదే.

‘ది లైట్ ప్రిన్సెస్’ అనే ఈ కథను జార్జ్ మెక్‌డొనాల్డ్ 1864లో అచ్చువేశాడు. పునాది పాతదే. పిలవని పేరంటానికొచ్చిన మాయలాడి శాపం పెట్టడం, కదురు గుచ్చుకుని రాకుమారి నూరేళ్ల నిద్రలో మునిగిపోవడం ఫ్రాన్సులో షార్ల్ పెరో 1697లోనే చెప్పిన కథ. మెక్‌డొనాల్డ్ ఆ కదురును, ఆ నూరేళ్ల నిద్రను తీసి పక్కన పెట్టాడు. శాపాన్ని తీసుకెళ్లి బాప్తిస్మపు నీళ్లలో కలిపాడు. ఎంత సాహసం! పవిత్రమైన నీళ్లే పాడైతే ఇక విరుగుడు ఎక్కడ వెతకాలి? అదీ నీళ్లలోనే దొరికేలా కథంతా అల్లాడు. చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యం కలిగేది ఈ అల్లికే.

ఆ పాప బరువు పోగొట్టుకున్నది ఒంట్లోనే కాదు, మనసులోనూ. పనివాళ్లు బంతాట ఆడుకునేవాళ్లు, బంతి ఈ పాపే. ఒకసారి గాలి కిటికీలోంచి ఎత్తుకుపోతే గులాబీ పొద కింద హాయిగా నిద్రపోతూ దొరికింది. పెద్దదైంది, నవ్వు మాత్రం ఆగలేదు. సేనాపతి సైన్యంతో సహా నాశనమయ్యాడని చెప్తే నవ్వింది. శత్రువు కోట ముట్టడికి వస్తున్నాడని చెప్తే ఇంకా నవ్వింది. తల్లి ఏడుస్తుంటే, అమ్మ చెంపల్లోంచి నీళ్లు పిండుకోవడం ఆమెకు మహా వింతగా తోచింది. అన్నిటికీ పగలబడి నవ్వే ఆ పిల్లకు చిరునవ్వు మాత్రం తెలియదని మెక్‌డొనాల్డ్ ఓ మాట అంటాడు. దుఃఖం తెలిసిన మనిషి నవ్వులో ఉండేదేదో ఆ నవ్వులో లేదట.

ఈ సంగతి తేల్చడానికి ఇద్దరు పండితులు వస్తారు. వాళ్ల వాదం కాస్త సాగదీసినట్టే ఉంటుంది, ఒప్పుకోవాలి. కానీ అంత గందరగోళంలోనూ ఒక మంచి మాట దొర్లుతుంది: బయటి నీళ్లలో ఆమెకు బరువు తిరిగొస్తున్నప్పుడు, ఇంకా లోతైన ఊటలోంచి వచ్చే నీళ్లు పూర్తిగా నయం చేయవచ్చు కదా? అంటే కన్నీళ్లు. సరే, ఏడిపించాలని చూశారు. బిచ్చగాణ్ని పిలిపించి కష్టాలు చెప్పించారు. చివరికి తండ్రి కొట్టి చూశాడు. కంట్లో తడి లేదు.

బయటి నీళ్లంటే కోట పక్కనున్న సరస్సు. ఒకరోజు పడవలోంచి పొరపాటున అందులో పడినప్పుడే తెలిసింది, నీళ్లలో ఉన్నంతసేపూ ఆమె అందరిలాంటి పిల్ల. ఇక పగలూ రాత్రీ ఆ సరస్సే లోకం. ఓ రాత్రి అడవిలో దారి తప్పిన రాకుమారుడొకడు నీళ్లలోంచి వస్తున్న కేక విని, ఎవరో మునిగిపోతున్నారనుకుని దూకి, ఆమెను ఒడ్డుకు ఎత్తాడు. ఎత్తీ ఎత్తగానే ఆమె గాల్లోకి లేచిపోయింది! రక్షించినందుకు తిట్లు తిన్నాడు. ఆ తిట్లతోనే ప్రేమలో పడ్డాడు.

ఇక్కడి నుంచి కొన్ని పేజీలు చంద్రకాంతిలో తడిసినట్టుంటాయి. ఆమెకు కింద పడడమంటే ఏమిటో తెలియదు. బరువే లేని మనిషి ఎలా పడుతుంది? అతను ఆమెను చేతుల్లోకి తీసుకుని గట్టు మీది నుంచి నీళ్లలోకి దూకుతాడు. జీవితంలో మొట్టమొదటిసారి ఆమె కిందికి పడుతుంది, ఆ ఆనందానికి ఉక్కిరిబిక్కిరవుతుంది. ఇద్దరూ రాత్రుళ్లు ఈదుతూ కబుర్లు చెప్పుకుంటారు, అంతే. అతనికి ప్రేమ, ఆమెకింకా ఆట. ఈ ఈతలు, ఈ సరసాలు పిల్లలు చదవదగ్గవి కావని ఆంగ్ల విమర్శకుడు జాన్ రస్కిన్ అంతటివాడు అభ్యంతరపడ్డాడు. నాకు మాత్రం ఇంతకన్నా శుభ్రమైన ప్రేమకథ దొరకడం కష్టమనిపిస్తుంది. ఆమెకు దగ్గరగా ఉండాలని ఆ రాకుమారుడు తానెవరో దాచిపెట్టి, కోటలో చెప్పులు తుడిచే కొలువులో చేరాడు. నేలకు కాలు సరిగా ఆనని పిల్ల చెప్పులకు దుమ్మెలా అంటుతుందో, అతనికేం పనుంటుందో మరి.

మేనకోడలి సంతోషం మేనత్త చెవిన పడింది. సరస్సు అడుగున గుహలోకి పామును తీసుకెళ్లి, పైకప్పుకు దాని నోరు ఆనించి, రాయిని పీల్పించి కన్నం చేసి, నీళ్లన్నీ కారిపోయేలా చేసింది. సరస్సు ఇంకుతున్న కొద్దీ రాకుమారి వాడిపోయింది. దేశంలో ఊటలన్నీ ఎండిపోయాయి. పసిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు, కన్నీళ్లు మాత్రం రావడం లేదు. అప్పుడు మిగిలిన మడుగులోంచి ఒక చిన్న పిల్లవాడు బంగారు పలక బయటికి తీశాడు. దాని మీదుంది రహస్యం: అడుగున ఉన్న కన్నాన్ని ప్రాణమున్న మనిషి శరీరమే పూడ్చగలదు. అతను తనంతట తాను రావాలి.

తెలుగువాళ్లకు ఈ చోట ఒళ్లు జలదరించకుండా ఉండదు. బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోతుంటే గండికి తన ప్రాణం ఇచ్చిన బసిరెడ్డి కోడలు ముసలమ్మ మనకు కొత్త కాదు. అనంతపురం సీమ చెప్పుకునే ఆ కథనే కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడు 1899లో ‘ముసలమ్మ మరణము’ కావ్యంగా రాశాడు. అక్కడ నీరు పొంగి ఊరిని ముంచబోతోంది, ఇక్కడ నీరు ఇంకి దేశాన్ని చంపుతోంది. రెండు చోట్లా కన్నానికి మనిషే అడ్డుపడాలి. ముసలమ్మ వీడ్కోలు చెప్పి నీళ్లలోకి నడిచి వెళ్లిపోయింది. ఆమె తిరిగి రాలేదు, పూజలందుకుంది. మెక్‌డొనాల్డ్ రాకుమారుడు మాత్రం చనిపోయే ముందు ఒక చిన్న కోరిక కోరతాడు. నీళ్లు నిండేవరకూ రాకుమారి దగ్గర కూర్చోవాలి, తన చేత్తో తినిపించాలి, అప్పుడప్పుడూ తన వైపు చూడాలి. అంతే!

అతను కన్నంలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. ఆమెకు మొదట్లో విసుగు. బిస్కెట్లు తినిపించింది, ద్రాక్షారసం తాగించింది. సరస్సు తిరిగి నిండుతోందన్న సంబరమే తప్ప పక్కన మనిషి మునిగిపోతున్నాడన్న ధ్యాస లేదు. మోకాళ్లు, నడుము, గొంతు. నీరు పెదవులు తాకబోయేముందు అతను ఒక ముద్దు అడిగాడు, ఇచ్చింది. తరవాత నీళ్లు అతని తల మీదుగా పోయాయి. చివరి బుడగ పైకి తేలి పగిలింది.

అప్పుడు ఆమె కేక వేసి దూకింది. తన సరస్సు కోసం కాదు, అతని కోసం. లాగింది, పీకింది, పడవలోకి చేర్చింది, కోటకు తెచ్చి ముసలి దాదితో కలిసి రాత్రంతా ఊపిరి పోయడానికి పాట్లు పడింది. తెల్లవారి సూర్యుడు పొడిచే వేళకు అతను కళ్లు తెరిచాడు. ఆమె భోరున ఏడుస్తూ నేల మీద పడిపోయింది. నిజంగానే పడింది. బయట, ఎండ కాస్తుండగానే, ఆ దేశం ఎన్నడూ చూడనంత వాన కురిసింది.

బాప్తిస్మపు తొట్టిలో పాడైన నీరు సరస్సులో ఆటయింది, ఒకరి ప్రాణదానంలో పరీక్షయింది, చివరికి ఆమె కళ్లలోంచే స్వస్థతగా వచ్చింది. ఒక్క చోటా ప్రసంగం లేదు. యేసు పేరు లేదు. సిలువ మాట లేదు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టే ప్రేమ ఉంది, చావు తరవాత వేకువ ఉంది, అర్హత చూడకుండా వచ్చిన కృప ఉంది. సువార్త తెలిసినవాడు చటుక్కున గుర్తుపడతాడు. తెలియనివాడికీ గొంతు పూడుకుపోతుంది.

ప్రసంగం లేకపోవడానికి కారణం ప్రసంగీకుడిగా ఆయన పడ్డ కష్టమేనేమో. స్కాట్లాండులోని హంట్లీలో 1824లో పుట్టిన మెక్‌డొనాల్డ్, ఇంగ్లండులో ఆరండల్ అనే ఊళ్లో సంఘ కాపరిగా పనిచేశాడు. దేవుని ప్రేమకు హద్దులు గీయడానికి ఆయన ఇష్టపడలేదు. అది సంఘ పెద్దలకు నచ్చలేదు. జీతం తగ్గించారు, 1853లో ఆయన రాజీనామా చేశాడు. ఇంట్లో ఆకలి, ఊపిరితిత్తుల జబ్బు, వరసగా పుట్టిన పదకొండుమంది పిల్లలు. ప్రసంగ వేదిక పోయాక ఆయన కథలు రాశాడు. ఈ కథ వచ్చిన ‘అడెలా కాత్‌కార్ట్’ నవలలోనూ, బతుకు మీద ఆశ చచ్చిన ఒక అమ్మాయికి క్రిస్మస్ రోజుల్లో చుట్టూ చేరి కథలు చెప్పడమే వైద్యం. 1916లో లెదర్‌హెడ్ రైలు స్టేషన్లో ఆయన ‘ఫాంటాస్టిస్’ నవలను కొనుక్కున్న ఓ నాస్తిక కుర్రాడు, ఆ రాత్రే తన ఊహకు బాప్తిస్మం జరిగిందని పెద్దయ్యాక రాసుకున్నాడు. ఆ కుర్రాడే తరవాత రచయిత అయిన సి.ఎస్. లూయిస్.

మెక్‌డొనాల్డ్ నాకు మరీ ముద్దొచ్చేది కథ చివర. బరువు తిరిగొచ్చిన రాకుమారికి నడక రాదు. పసిపిల్లలా పడుతూ లేస్తూ, దెబ్బలు తగిలించుకుంటూ, మీరంతా ఇంత గొప్పగా చెప్పింది ఈ బరువు గురించేనా అని సణుగుతుంది. శాపం పోతే బాధలూ పోతాయని ఆయన అబద్ధం చెప్పలేదు. మేనత్త ఇల్లు, ఆమె తెప్పించిన కరువును తీర్చిన నీళ్లకే పునాది కదిలి, ఆమె మీదే కూలింది. అంతకుముందు రాకుమారి తీర్చుకున్న పగల్లా, ఆవిడ వాతం పట్టిన కాలి వేలిని గట్టిగా తొక్కడమే!

మెక్‌డొనాల్డ్ 1905లో పోయాడు. కాపీహక్కుల గడువు ఎప్పుడో తీరింది, ఇంగ్లిషు మూలం ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది. తెలుగులోకి తేవాలనుకునేవారికి ఒక్క మనవి: భక్తి కథ కదా అని మొదటి సగంలో ఉన్న అల్లరిని తగ్గించకండి. బంతాట, గులాబీ పొద, కాలి వేలు అన్నీ ఉండాల్సిందే. ఆ నవ్వు నిండుగా ఉంటేనే చివరి ఏడుపు పండుతుంది.