మన గోడ, అందరి కప్పు

"మా ఇల్లు, మా ఇష్టం" అనే మాట మనం తరచూ వింటుంటాం. ఇది ఎంతవరకు చెల్లుతుంది?

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పేదల కోసం నిర్మించిన టిడ్కో ఇళ్లనే తీసుకుందాం. ఇవి నాలుగు అంతస్తుల్లో, షియర్ వాల్ పద్ధతిలో కట్టినవి. అల్యూమినియం అచ్చులు బిగించి, ఇనుప చువ్వలు, కరెంటు గొట్టాలు ముందే అమర్చి, గోడలనూ స్లాబునూ కాంక్రీటుతో పోస్తారు. మామూలు ఇంట్లో స్తంభాలు మోసే బరువును ఇక్కడ గోడలే మోస్తాయి. కనుక హాలు పెద్దది చేద్దామని గోడ తీసేయడానికి వీల్లేదు. గోడ మనదే. కాని పైనున్న మూడు కుటుంబాలు దాని మీదే నిలబడి ఉన్నాయి.

ఓడ అడుగున ఉన్నవారు నీటి కోసం తమ వాటాలో రంధ్రం చేయబోయిన ఉపమానం దైవప్రవక్త (సఅసం) చెప్పినది, మనకు తెలిసిందే. పైవారికి ఇబ్బంది కలిగించకూడదనే వారు అలా తలచారు. ఉద్దేశం చెడ్డది కాదు, గమనించండి.

నిజానికి గోడ పగలగొట్టేవారు కొందరే. ఏమీ పట్టించుకోనివారే ఎక్కువ. డాబా మీద నీరు నిలిచి పై అంతస్తు కప్పు చెమ్మగిల్లుతుంది. కిందివారు "మాకేం కారడం లేదుగా" అంటూ నెలవారీ చందా ఎగ్గొడతారు. ఆ చెమ్మ చువ్వను చేరితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచే పగలదీస్తుంది. అప్పుడు చందాలతో తీరే పని కాదు.

అలాగని తప్పంతా పేదలదే అనడం అన్యాయం. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో 1950లలో ప్రూయిట్ ఐగో అనే పేదల కాలనీ కట్టారు. 11 అంతస్తుల భవనాలు 33. కట్టడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది, మరమ్మతులు మాత్రం అద్దెలతో చేసుకోవాలంది. స్తోమత ఉన్నవారు వెళ్లిపోయారు, నిరుపేదలు మిగిలారు. అద్దెలు చాలక మరమ్మతులు ఆగాయి. 1972లో కూల్చివేత మొదలై 1976కల్లా ముగిసింది. ఇల్లు ఇచ్చి, దాన్ని నిలబెట్టుకునే దారి చూపకపోతే ఇచ్చినట్లవుతుందా?

చందాను మనలో చాలామంది దానం లెక్కలో వేసుకుంటారు. అది అప్పు లెక్కలోది. అయితే పూట గడవని వితంతువు తలుపును ప్రతి నెలా తట్టడం తగదు. ఆమె వాటాను మిగతావారు పంచుకోవాలి. వసూలు చేసేవారు లెక్క చూపాలి. మురుగు పైపులు మార్చడం వంటి పెద్ద పనులకు అధికారులను రాతపూర్వకంగా అడగాలి, అన్ని అంతస్తులవారి సంతకాలతో, వానలు మొదలుకాక ముందే.