చెప్పేస్తే పోలా!

తెలిసి చేస్తే తప్పు, తెలియక చేస్తే పొరపాటు. ఈ తేడా మనకి చిన్నప్పుడే నేర్పేశారు. తప్పుకి శిక్ష, పొరపాటుకి క్షమ. లెక్క ఎంత తేలిగ్గా తేలిపోయిందో చూశారా! కానీ పొరపాటు జరగడానికీ, అది నలుగురికీ తెలియడానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో మనిషి చేసే పనిని ఏ పద్దు కింద రాయాలి? అది మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఈ అనుమానం నాకు రావడానికి కారణం మా జి.కొండూరులో ఓ ఫోటో స్టూడియో. దాని యజమాని చుట్టుపక్కల ఊళ్ళలో పదేళ్ళుగా తీసిన పెళ్ళి ఫోటోలన్నీ మూడు హార్డు డిస్కుల్లో దాచుకున్నాడు. 1956లో ఐ.బి.ఎం. వాళ్ళు మొట్టమొదటి హార్డు డిస్కు తయారుచేసినప్పుడు అందులో రెండేసి అడుగుల పళ్ళాలు యాభై ఉండేవి. అంతా కలిపి యాభై లక్షల అక్షరాలు పట్టేది. ఇప్పుడు అరచేతిలో పట్టే డిస్కులో వందల పెళ్ళిళ్ళు ఇమిడిపోతున్నాయి. పోయినా అన్నీ ఒక్కసారే పోతాయన్నమాట. ముందుచూపు గల మనిషి కాబట్టి, మూడో డిస్కులోవాటికి నకలు తీసి నాలుగోదాన్ని బీరువాలో పెట్టాడు. మిగతా రెండింటికీ కూడా తీద్దామనుకుంటూ ఉండగానే కంప్యూటరుకి కరెంటు అందించే డబ్బా పాడైంది.

తెలిసిన కుర్రాడొకడు కొత్త డబ్బా తెచ్చి బిగించాడు. మిగతా వైర్లన్నీ మార్చాడు గానీ, డిస్కులకి వెళ్ళే పాత వైరు లోపల చక్కగా సర్ది ఉంటే కదపడమెందుకని దాన్నే కొత్త డబ్బాకి తగిలించాడు. అదీ బుద్ధిగా పట్టింది. కిటుకంతా అక్కడే ఉంది. ఆ వైరుకి డిస్కు వైపు కొస ఏ కంపెనీదైనా ఒక్కలాగే ఉంటుంది. డబ్బా వైపు కొస మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళది. పట్టినంత మాత్రాన పొత్తు కుదిరినట్టు కాదు (సంబంధాలు చూసేవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు). 5 వోల్టులు వెళ్ళాల్సిన దారిలో 12 వోల్టులు వెళ్ళాయి. స్విచ్చి వెయ్యగానే కమురు వాసన.

కుర్రాడు గబగబా విప్పి, రెండు వైర్లూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. వాడికి అర్థమైపోయింది.

"ఏమైందిరా?" అన్నాడు యజమాని.

"కరెంటు ఎక్కువొచ్చిందేమో అన్నా."

పక్కనే ఇబ్రహీంపట్నంలో 1979 నుంచీ థర్మల్ కేంద్రం కరెంటు తయారుచేస్తూనే ఉంది. మనవాళ్ళు ఏది కాలినా నెపం దానిమీద వేస్తూనే ఉన్నారు. యజమాని నమ్మేశాడు. చచ్చిన మూడింటినీ తీసేస్తే కంప్యూటరు మామూలుగానే వెలిగింది. వచ్చిన కరెంటు వచ్చి పోయింది కదా అనుకుని, మర్నాడు బీరువాలోంచి నాలుగో డిస్కు తీసి అదే వైరుకి తగిలించాడు.

మూడోరోజు కుర్రాడు వచ్చేసరికి బల్లమీద నాలుగు డిస్కులున్నాయి. వాడి మొహం పాలిపోయింది. "అన్నా, ఆ వైరు నేను మార్చలా. పాతదే పెట్టా" అన్నాడు.

యజమాని చాలాసేపు మాట్లాడలేదుట. చివరికి, "ఆ ముక్క ఆ రోజే చెప్పి చస్తే ఇదన్నా మిగిలేది కదరా!" అన్నాడుట.

విజయవాడలో బాగుచేసే అతను ఏం జరిగిందో విని, సగం పని తేలికైందన్నాడు. ఫోటోలుండేది లోపలి పళ్ళాల మీద, పైనున్న బోర్డు మీద కాదు. బోర్డు మీద బియ్యపుగింజంత కాపలాదారు ఒకడుంటాడు. ఎక్కువ కరెంటు వస్తే తన మీదికి లాక్కుని తను చచ్చి మిగతావాటిని కాపాడతాడు. రెండు డిస్కుల్లో చచ్చింది ఆ ఒక్కడే. వాణ్ణి తీసేస్తే అవి లేచాయి. ఫోటోలన్నీ వేరే చోటికి దించుకున్నారు. మూడోదానికీ, దాని నకలుకీ దెబ్బ లోపలిదాకా వెళ్ళింది. అవి లేవలేదు.

డిస్కుల ఖరీదు వాయిదాల్లో కడతానన్నాడు కుర్రాడు. సరే, కడతాడు. కానీ, ఈమధ్యే తండ్రిని పోగొట్టుకున్న ఓ అమ్మాయి, కన్యాదానం చేస్తూ ఆయన ఉత్తరీయంతో కళ్ళొత్తుకున్న ఫోటో కావాలని వచ్చింది. ఆల్బంలో చేరని ఫోటో అది. ఉన్నది మూడో డిస్కులో. దానికి వాయిదా ఎంత కట్టమందాం?

అందుకే నాకనిపిస్తుంది, పొరపాటు తీసుకున్నది మూడు డిస్కుల్నే. నాలుగోదాన్ని తీసుకున్నది "ఎక్కువొచ్చిందేమో" అన్న మాట. మొదటిదానికి వాణ్ణి ఏమీ అనకూడదు. రెండోదాన్ని పొరపాటు పద్దులో రాయడానికి మాత్రం నాకు మనసొప్పదు. పోయినదానికి ఖరీదు కట్టలేనప్పుడు మనిషి చెల్లించగలిగిందల్లా ఒక్కటే, జరిగింది జరిగినట్టు వెంటనే చెప్పడం. అది మన మంచితనం కోసం కాదు, మిగిలినదాన్నైనా కాపాడుకునే వీలు అవతలివాళ్ళకి ఇవ్వడం కోసం.

అయితే చెప్పాలంటే వినేవాళ్ళుండాలిగా! ఆ యజమాని మంచివాడే గానీ, కోపమొస్తే బేరాలకొచ్చినవాళ్ళ ముందే కడిగేస్తాడు. కుర్రాడి నాలుక మీదికి ఆ అబద్ధం ఊరికే రాలేదు. ఆ మాటకొస్తే మన వంటింట్లో మాత్రం? గాజుగ్లాసు భళ్ళుమనగానే "ఎవర్రా అది?" అని మనం అరిచే అరుపుకి, నిజం చెప్పాలనుకున్న పిల్లాడు కూడా "పిల్లి" అంటాడు. తర్వాత గాజుపెంకు గుచ్చుకునేది మన కాలికే. కోప్పడొద్దనడం లేదు. పెంకులు ఏరిన తర్వాత కోప్పడదాం అంటున్నాను. ఏమంటారు?